నీలం జెర్సీ ఎవరి జాగీరు?



మొన్న జుమా నమాజయ్యాక కుసుమంచిలో రోడ్డు పక్క హోటల్లో చాయ్ తాగుతూ కూర్చున్నాం, నేనూ మా భాంజా. చెన్నైలో మన జూనియర్ హాకీ కుర్రాళ్లు ప్రపంచకప్ కాంస్యం గెలిచిన వారం అది. అర్జెంటీనా మీద 0-2తో వెనకబడి, ఆఖరి క్వార్టర్‌లో నాలుగు గోల్స్ కొట్టి 4-2తో మ్యాచ్ లాక్కున్నారు. మావాడు ఫోన్‌లో ఆ గోల్స్ మళ్లీ మళ్లీ చూస్తున్నాడు. చూసీ చూసీ తల ఎత్తకుండానే అన్నాడు.

"మామూ, ఈ పిల్లల్ని పెట్టుకుని ఇంకా ఆ పెద్దోళ్లని ఎందుకు మోస్తున్నారు? ముప్పై దాటినోళ్లందర్నీ ఒకేసారి ఇంటికి పంపిస్తే పోలా?"

నేను వెంటనే జవాబివ్వలేదు. వాడి ఉమర్‌లో నేనూ అలాగే అనేవాణ్ణి. ఇప్పుడు నా గడ్డం తెల్లబడింది కాబట్టి బుజుర్గుల వైపు మాట్లాడుతున్నానేమో అన్న షక్ నాకే వచ్చింది. అందుకే ఇంటికొచ్చి నింపాదిగా ఆలోచించి రాస్తున్నాను. వాడి సవాల్ చిన్నదే గానీ మజాక్‌గా తీసేసేది కాదు.

ముందు వాడి వైపు ఇన్సాఫ్ చేస్తాను. 2025 జూన్‌లో మన సీనియర్ జట్టు యూరప్ వెళ్లి ప్రో లీగ్‌లో వరసగా ఏడు మ్యాచ్‌లు ఓడిపోయింది. ఆఖరి మ్యాచ్‌లో బెల్జియం మీద గెలిచి కాస్త ఇజ్జత్ దక్కించుకుంది గానీ, తొమ్మిది జట్ల పట్టికలో ఎనిమిదో స్థానంతోనే సరిపెట్టుకుంది. టోక్యో, పారిస్ రెండు ఒలింపిక్స్‌లోనూ కాంస్యం తెచ్చిన జట్టు ఇదేనా అనిపించింది. జట్టు వెన్నెముక ఉమర్ చూడండి. మన్‌ప్రీత్ సింగ్ 1992లో పుట్టాడు, అమిత్ రోహిదాస్ 1993లో, మన్‌దీప్ 1995లో, కెప్టెన్ హర్మన్‌ప్రీత్ 1996లో. 2028 జూలైలో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ నాటికి మన్‌ప్రీత్‌కి 36 నిండుతాయి.

బయటి దేశాల తజురుబా కూడా మా భాంజాకే గవాహీ ఇస్తుంది. బెల్జియం సంగతి తీసుకోండి. 2016 రియోలో రజతం, 2018లో మన భువనేశ్వర్‌లోనే ప్రపంచకప్, టోక్యోలో స్వర్ణం. అలాంటి తరం ఆ దేశానికి అంతకుముందు లేదు. గెలిపించిన వాళ్లని లేవమని చెప్పడానికి ఎవరికి మనసొప్పుతుంది? చాలామంది అలాగే పారిస్ దాకా వచ్చారు. జాన్ జాన్ దోమెన్‌కి అప్పటికి 36. క్వార్టర్ ఫైనల్లో స్పెయిన్ కుర్రాళ్లు 3-2తో వాళ్లని ఇంటికి పంపారు.

పాకిస్తాన్ కథ ఇంకా దుఃఖం. నాలుగు ప్రపంచకప్‌లు, మూడు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన దేశం. 2012 లండన్‌కి ఆ జట్టు కెప్టెన్ సొహైల్ అబ్బాస్. డ్రాగ్ ఫ్లిక్‌లో ఉస్తాదుల ఉస్తాద్, 348 అంతర్జాతీయ గోల్స్ కొట్టినవాడు. అప్పటికి వయసు 37. ఏడో స్థానం వచ్చింది. ఆ తర్వాత రియో, టోక్యో, పారిస్ మూడు ఒలింపిక్స్‌కీ పాకిస్తాన్ అర్హతే సాధించలేదు. అందులో సొహైల్ కసూర్ ఏమీ లేదు. 37 ఏళ్లవాడి వెనక 20 ఏళ్లవాళ్లని వరసలో నిలబెట్టలేకపోవడమే ఆ దేశం కసూర్.

ఇంతవరకూ భాంజా గెలిచినట్టే. ఇక రెండో వైపు.

"యువతకి అవకాశం" అన్న మాట వినడానికి ఎంత బాగుంటుందో, బహానాగా వాడుకోవడానికీ అంతే బాగుంటుంది. 1998 డిసెంబరులో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో మనకి హాకీ స్వర్ణం వచ్చింది. 1966 తర్వాత అదే మొదటిది. కెప్టెన్ ధన్‌రాజ్ పిళ్లై. స్వర్ణంతో తిరిగొచ్చిన వాళ్లకి ఏం ఇనామ్ దక్కిందో తెలుసా? ఆ వెంటనే జరిగిన పాకిస్తాన్ సిరీస్‌కి ధన్‌రాజ్‌తో పాటు మరో ఆరుగురు సీనియర్లని పక్కన పెట్టారు. విశ్రాంతి ఇచ్చామన్నారు. మ్యాచ్ ఫీజుల గురించీ, సౌకర్యాల గురించీ గట్టిగా నోరెత్తినందుకే ఈ సజా అని దేశమంతా అనుకుంది. కోచ్ కౌశిక్‌ని కూడా తీసేశారు. అప్పుడు నేను ఎవరి ఉమర్ ఎంత అని లెక్కపెట్టలేదు. నోరున్నవాడికి ఉమర్ తొందరగా అయిపోతుందని మాత్రం అర్థమైంది.

మన హైదరాబాదీ ముకేష్ కుమార్ ఆ కాలం వాడే. 1992, 1996, 2000, మూడు ఒలింపిక్స్ ఆడాడు. కుడి వైపు నుంచి దూసుకుపోతుంటే చూడాల్సిందే. సిడ్నీలో పోలండ్ మీద ఆఖరి నిమిషంలో గోల్ ఇచ్చి సెమీస్ పోగొట్టుకున్న జట్టులో అతనూ ఉన్నాడు. మూడు ఒలింపిక్స్ అంటే ఎనిమిదేళ్ల దమ్ము. ఒక్క పతకం లేదు. ఆ తరానికి తక్కువైంది జవానీ కాదు, వెనక నిలబడిన వ్యవస్థ.

2018 సంగతి మరీ విచిత్రం. గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ క్రీడలకి సర్దార్ సింగ్‌ని వదిలేసి వెళ్లారు. నతీజా నాలుగో స్థానం. రెండు నెలలు తిరక్కుండానే చాంపియన్స్ ట్రోఫీకి అదే సర్దార్‌ని పిలిచారు, రజతం వచ్చింది. ఏప్రిల్‌లో ముసలివాడు జూన్‌లో మళ్లీ జవాన్ ఎలా అయ్యాడు? ఆ తర్వాత జకార్తాలో కాంస్యంతో ఆగిపోయాక, 32 ఏళ్లకి సర్దారే స్వయంగా చాలు అన్నాడు. పన్నెండేళ్లు ఆడాను, ఇక కొత్తవాళ్లకి దారివ్వాలి అన్నది అతని మాట సారాంశం. తనంతట తాను లేచినవాడి ఇజ్జత్ వేరు, లేపేసినవాడి గాయం వేరు.

నెదర్లాండ్స్‌లోనూ ఇదే జరిగింది. తెయున్ డి నోయర్ అంటే హాకీ తెలిసినవాళ్లు చెవి పట్టుకుంటారు, 453 మ్యాచ్‌లు ఆడినవాడు. లండన్‌కి ముందు కోచ్ అతన్ని పక్కన పెట్టాడు, తర్వాత మనసు మార్చుకుని తీసుకున్నాడు. 36 ఏళ్ల వయసులో రజతం తెచ్చిన జట్టులో ఆడాడు. బెల్జియం ఒక పాఠం చెబితే, దాని పొరుగు దేశం దానికి తలకిందులు పాఠం చెప్పింది. కాబట్టి జనన ధృవపత్రం చూసి ఫైసలా చేసేవాడు రెండు వైపులా తప్పుతాడు.

మరి దేన్ని చూడాలి?

1975 కౌలాలంపూర్ చూద్దాం. ప్రపంచకప్ సెమీఫైనల్. మలేసియా 2-1తో ముందుంది, ఆట అయిపోవస్తోంది, మనకి పెనాల్టీ కార్నర్ వచ్చింది. అప్పుడు మైకేల్ కిండోని బయటికి పిలిచి, బెంచీ మీద కూర్చున్న భోపాల్ కుర్రాడు అస్లం షేర్ ఖాన్‌ని లోపలికి పంపారు. అస్లంకి 21. మెడలో తావీజుని ముద్దాడి కొట్టాడు, గోల్. అదనపు సమయంలో హర్‌చరణ్ సింగ్ గెలిపించాడు. ఫైనల్లో పాకిస్తాన్‌ని ఓడించి తెచ్చిన ఆ కప్పే ఇప్పటికీ మనకున్న ఒకే ఒక్క ప్రపంచకప్.

ఈ కిస్సా చెప్పేవాళ్లంతా తావీజు దగ్గర ఆగిపోతారు. నేను ఇంకో రెండు సంగతులు చూస్తాను. ఒకటి, అస్లం ఆ రోజు ఆకాశం నుంచి ఊడిపడలేదు. అతని వాలిద్ అహ్మద్ షేర్ ఖాన్ 1936 బెర్లిన్‌లో ధ్యాన్‌చంద్‌తో కలిసి ఆడినవాడు. ఆ ఒక్క షాట్ కోసం ఆ కుర్రాడు ఎన్నాళ్లు చెమటోడ్చి ఉంటాడో! రెండు, బయటికొచ్చిన కిండో ముసలివాడేం కాదు, 27 ఏళ్లు. మ్యూనిక్ ఒలింపిక్ కాంస్య పతక విజేత, జార్ఖండ్ అడవుల నుంచి వచ్చిన ఆదివాసీ బిడ్డ. ఆ క్షణానికి ఆ పని చేయగలవాడు లోపలికి పోవాలి, అంతే. అతను బయటికొచ్చాడు, దేశం గెలిచింది. గోల్ కొట్టినవాడి పేరు మనకి గుర్తుంది, జాగా ఇచ్చినవాడి పేరు గుర్తులేదు. ఇది మన కృతఘ్నత.

మన తారీఖ్‌లో దీనికి రెండు మిసాల్‌లు ఉన్నాయి, మసీదు మెట్లెక్కిన ప్రతి పిల్లాడూ విన్నవే. హజ్రత్ ఉసామా బిన్ జైద్‌కి ఇరవై ఏళ్లు కూడా నిండకుండానే ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం సైన్యాన్ని అప్పగించారు. ఆ సైన్యంలో హజ్రత్ ఉమర్ లాంటి బుజుర్గులు సిపాయిలు. కుర్రాడేమిటి, సర్దారీ ఏమిటి అన్నవాళ్లు అప్పుడూ ఉన్నారు. ప్రవక్త వఫాత్ తర్వాత ఖలీఫా అయిన హజ్రత్ అబూబక్ర్ ఆ ఫైసలా మార్చలేదు. ఉసామా గుర్రం మీద ఉంటే తాను పక్కన కాలినడకన సాగనంపారు. ఉమర్‌ని మదీనాలో తన దగ్గర ఉంచుకోవడానికి ఆ కుర్ర సేనానినే ఇజాజత్ అడిగారు. ఖలీఫా అయ్యుండి అడిగారు!

రెండోది హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్. గెలుస్తున్న సేనాని. హజ్రత్ ఉమర్ ఖలీఫా కాగానే సేనాపతి పదవి నుంచి తప్పించి అబూ ఉబైదాకి ఇచ్చారు. ఖాలిద్ కత్తి పడేసి ఇంటికి పోలేదు, జట్టు కట్టి బగావత్ చేయలేదు. అబూ ఉబైదా చేతి కింద అదే దమ్ముతో యుద్ధం చేశారు.

మైదాన్‌లో గుర్రాల కాలం పోయింది, కర్రల కాలం వచ్చింది. ఉసూల్ మాత్రం అదే. పదవి అమానత్. అమానత్ ఇచ్చినవాడు అడిగినప్పుడు తిరిగివ్వాలి, పుచ్చుకున్నప్పటికంటే పాడు చేయకుండా ఇవ్వాలి, హక్‌దార్ చేతికే ఇవ్వాలి. దేశం జెర్సీ కూడా అంతే. అది సీనియర్ల జాగీరు కాదు, జూనియర్లకి విరాసత్‌లో వచ్చే ఆస్తీ కాదు.

ఈ అమానత్‌ని అందంగా చేతులు మార్చినవాళ్లు మన హాకీలోనే ఉన్నారు. టోక్యోలో 41 ఏళ్ల తర్వాత పతకం వచ్చింది కదా, ఆ కాంస్య పోరులో జర్మనీ మీద గోల్ కొట్టినవాళ్లలో రూపిందర్ పాల్ సింగ్ ఒకడు. డ్రాగ్ ఫ్లిక్‌లో ఇంకా పదును తగ్గలేదు, వయసు 30. రెండు నెలలు కాకుండానే కొత్తవాళ్లకి చోటిస్తున్నానని తప్పుకున్నాడు. అతని వెనక హర్మన్‌ప్రీత్ అప్పటికే తయారై ఉన్నాడు. పారిస్‌లో హర్మన్‌ప్రీత్ పది గోల్స్ కొట్టాడు. రూపిందర్ లేచిపోవడం ఒక్కటే కాదు, లేచేసరికి జానషీన్ సిద్ధంగా ఉండడం ఆ కథలో అసలు బలం.

శ్రీజేష్ ఇంకో మిసాల్. పారిస్‌లో బ్రిటన్ మీద రోహిదాస్‌కి రెడ్ కార్డ్ పడి, జట్టు పదిమందితో ఆడినప్పుడు గోల్ ముందు గోడలా నిలబడ్డాడు. షూటౌట్‌లో గెలిపించాడు. స్పెయిన్ మీద కాంస్యం గెలిచిన రోజే రుఖ్సత్ తీసుకున్నాడు, 36 ఏళ్లకి. సీనియర్ జట్టులో అతని 16వ నంబర్ జెర్సీ ఇక ఎవరికీ ఇవ్వమన్నారు. అది మంచి ఇజ్జతే. నా కళ్లకి మాత్రం అంతకంటే పెద్ద ఇజ్జత్, అతని చేతిలో జూనియర్ జట్టుని పెట్టడం. మా భాంజా ఫోన్‌లో చూసి మురిసిపోయిన ఆ కుర్రాళ్ల కోచ్ ఎవరనుకున్నారు? ఆ ముప్పై దాటిన పెద్దమనిషే!

ఇక్కడ ఇంకో మాట. గోల్‌కీపర్ 36 దాకా నిలబడ్డాడు కాబట్టి మిడ్‌ఫీల్డర్ కూడా నిలబడతాడనుకోకూడదు. గోల్‌కీపర్‌కి చూపూ, ఓర్పూ, తజురుబా ముఖ్యం. మిడ్‌ఫీల్డర్ గంట ఆటలో ముందుకీ వెనక్కీ పరిగెడుతూనే ఉండాలి. అయితే హాకీలో ఆటగాళ్లని ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, బయటికొచ్చినవాడు మళ్లీ లోపలికి పోవచ్చు. సీనియర్‌ని కొద్ది నిమిషాలు ఆడించి, పిలిచి, మళ్లీ అవసరమైన వేళకి పంపొచ్చు. పెద్దలూ పిల్లలూ కలిసి ఆడే వెసులుబాటు ఆట నియమాల్లోనే ఉంది. ఒలింపిక్స్‌కి పదహారుమందే అన్నప్పుడే అసలు ఇమ్తిహాన్. అక్కడ మొహమాటానికి చోటు లేదు.

అమ్మాయిల జట్టు కూడా కళ్లు తెరిపించాలి. రాణీ రాంపాల్ పదిహేనేళ్లు కూడా నిండకముందే దేశానికి ఆడింది, టోక్యోలో కెప్టెన్‌గా నాలుగో స్థానానికి తీసుకెళ్లింది. తర్వాత గాయాలు, జట్టులో చోటు లేదు, 29 ఏళ్లకే రిటైర్మెంట్. 2024 జనవరిలో రాంచీలో జపాన్ చేతిలో 0-1తో ఓడి మన అమ్మాయిలు పారిస్‌కి పోలేకపోయారు. రాణీ ఉంటే గెలిచేవాళ్లని నేననను. కానీ అంత పెద్ద ఆటగత్తె ఇంకా ఆడాలనే మనసుతో ఉండగా ఇంటి దగ్గర కూర్చోవడం చూసి నాకు మనసు చివుక్కుమంది.

మన చిత్తూరు జిల్లా బిడ్డ రజని ఎతిమరపుని చూడండి. ఒక రైతు పల్లె నుంచి రియో ఒలింపిక్స్ దాకా పోయిన గోల్‌కీపర్. ఆమె పుట్టిందీ, సవితా పునియా పుట్టిందీ ఒకే ఏడాది, 1990. ఒక గోల్ ముందు ఒక్కరే నిలబడగలరు. టోక్యోకి రజని రిజర్వ్‌గా వెళ్లింది. సీనియర్ తప్పుకోవాలి, జూనియర్ రావాలి అని గొంతు చించుకునేటప్పుడు, జూనియర్ కాకుండా, ముందు వరసలోకీ రాకుండా, ఏళ్ల తరబడి ప్రాక్టీసులో బంతులు ఆపుతూ సబర్‌తో నిలబడిన ఇలాంటివాళ్లని ఏ ఖాతాలో రాస్తాం?

ఇక నా ఫైసలా అడిగితే చెబుతాను, మీకు నచ్చకపోవచ్చు.

2026 ఆగస్టులో బెల్జియం, నెదర్లాండ్స్‌లో ప్రపంచకప్. సెప్టెంబరులో జపాన్‌లో ఆసియా క్రీడలు. ఈ రెండింటి ముందు బుజుర్గులని గంపగుత్తగా తీసేయొద్దు. 2025 సెప్టెంబరులో రాజ్‌గిర్‌లో ఆసియా కప్ ఫైనల్లో కొరియాని 4-1తో కొట్టి ప్రపంచకప్ టికెట్ తెచ్చిన జట్టు ఇదే. ఆ నాలుగు గోల్స్‌లో ఒకటి 32 ఏళ్ల రోహిదాస్‌దే. కానీ జపాన్ నుంచి విమానం దిగిన రోజు సెలెక్టర్లు ప్రతి సీనియర్‌ని ఎదురుగా కూర్చోబెట్టి సాఫ్‌గా మాట్లాడాలి. లాస్ ఏంజెలెస్ పదహారుమందిలో నువ్వు ఉంటావని నమ్ముతున్నాం, లేదా నమ్మట్లేదు. రెండిటిలో ఒకటి. పేపర్లో చదివి తెలుసుకునే గతి ఎవరికీ పట్టకూడదు. ఉంటాడన్నవాడి పక్కన కూడా అదే జాగాలో ఒక షాగిర్ద్‌ని నిలబెట్టి, ప్రో లీగ్‌లో సగం ఆట వాడికివ్వాలి. 2025 నవంబరులో ఇపోకి హర్మన్‌ప్రీత్ లేకుండా సంజయ్ కెప్టెన్సీలో జట్టుని పంపారు. ఫైనల్ దాకా పోయి బెల్జియం చేతిలో 0-1తో ఓడారు. ఆ ఓటమి నాకు మంచి ఖర్చులాగే కనిపిస్తుంది. అలాంటి ఓటములు ఇప్పుడు పడితేనే 2028లో పనికొస్తాయి.

వెళ్లిపోయేవాడికి విదాయి మ్యాచ్ ఇవ్వండి, వాళ్ల అమ్మానాన్నల ముందు. ఆ తర్వాత విజిల్ చేతికిచ్చి ఉస్తాద్‌గా పిలవండి.

కానీ దోస్తులారా, మా భాంజాతో నేను పూర్తిగా విభేదించేది ఒక్కచోటే. సీనియర్లు కుర్సీ ఖాళీ చేస్తే యువత దానంతట అదే వచ్చి కూర్చుంటుందని వాడు అనుకుంటున్నాడు. ఎక్కణ్ణించి వస్తుంది? ఒడిశాలో సుందర్‌గఢ్ జిల్లా పల్లెల్లో ఆదివాసీ పిల్లలు వెదురు కర్రలతో ఆట మొదలుపెడతారు. ఆ జిల్లాలోని రూర్కెలాలో బిర్సా ముండా పేరుతో అంత పెద్ద స్టేడియం కట్టారు. దిలీప్ తిర్కీ, లాజరస్ బార్లా, రోహిదాస్, అందరూ ఆ మట్టి పిల్లలే. మనకీ అడవి ఉంది, భద్రాచలం వైపు పోతే కోయ పిల్లలున్నారు, విల్లు పడితే గురి తప్పరు, పరుగెడితే అలసట ఎరగరు. వాళ్ల చేతికి హాకీ కర్ర ఇచ్చినవాళ్లెందరు?

మా కుసుమంచిలో ఏ పిల్లాడి చేతిలోనూ ఆట కోసం పట్టుకున్న హాకీ కర్రని నేను చూడలేదు. మన తెలుగు సినిమాల్లో హాకీ స్టిక్ కనిపిస్తుంది గానీ అది కొట్లాటకి! హైదరాబాద్ పేరు పెట్టుకున్న తూఫాన్స్ జట్టు 2025 ఫిబ్రవరిలో హాకీ ఇండియా లీగ్ ఫైనల్ దాకా వెళ్లి బెంగాల్ చేతిలో 4-3తో ఓడింది. మంచి ఆటే ఆడింది. కానీ పురుషుల లీగ్ మొత్తం రూర్కెలా, రాంచీల్లోనే జరిగింది. పేరు మనది, మైదాన్ వాళ్లది. హైదరాబాద్ పిల్లలు తమ ఊరి జట్టుని టీవీలోనే చూశారు. ముకేష్ కుమార్ తర్వాత పురుషుల జట్టులో అంతటి పేరు మన నేల నుంచి రాలేదంటే, ఆ జాగా ఏ ముసలివాడూ ఆక్రమించుకోలేదు. అది ఖాళీగానే ఉంది. పాతికేళ్లుగా ఖాళీగా ఉంది.

అందుకే రాత్రి మా భాంజాకి ఫోన్ చేసి చెప్పాను.

"బేటా, పెద్దోళ్లు లేవాలి, నిజమే. చెప్పి లేపాలి, ఇజ్జత్‌తో లేపాలి. కానీ మన ఊరి పిల్లాడు ఆ వరసలోనే లేడు కదా. వాడి కోసం ఎవర్ని లేపమంటావ్?"

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగాడు.

"మామూ, హాకీ కర్ర ఖమ్మంలో దొరుకుతదా? హైదరాబాద్ పోవాల్నా?"

ఆదివారం ఇద్దరం కలిసి ఖమ్మం పోయి వెతుకుతాం, ఇన్షా అల్లాహ్. దొరక్కపోతే కోఠీ దాకా పోతాం. కొన్నాక పాలేరు వైపు ఖాళీ చేను ఏదో ఒకటి చూసుకుంటాం. రెండు కర్రలు, ఒక బంతి. ఆడడం మా ఇద్దరికీ రాదు. అయినా సరే, ఎవరో ఒక పిల్లాడు వచ్చి నాకూ ఇవ్వండి అని అడిగేదాకా కొడుతూనే ఉంటాం. అడిగినరోజు నా కర్ర వాడికిచ్చేసి పక్కన కూర్చుంటాను.

ఖుదా హాఫిజ్.